ఆదివారం వస్తే ఆయన ఇంట్లో ఉండరు

‘మాది గుంటూరు, అరండల్‌పేట. పెళ్లై నాలుగేళ్లు, రెండేళ్ల పాప. మా ఆయనకి 31. ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. ఆదివారం వస్తే క్రికెట్ లీగ్ మ్యాచ్‌లు. సాయంత్రం తెల్ల ప్యాంటు మీద ఎర్ర బంతి మరకలు రుద్దడం నా పని. ఈ మధ్య 28 వేలు పెట్టి బ్యాట్ కొన్నారు. ఈఎంఐ మెసేజ్ చూసేదాకా నాకు తెలియదు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఆరు నెలలు ప్రాక్టీస్ చేస్తే ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో తీసుకుంటారంటున్నారు. వద్దన్నందుకు నాలుగు రోజులుగా మాటల్లేవు. ప్రవీణ్ తాంబే 41 ఏళ్లకి ఐపీఎల్ ఆడలేదా అంటారు.’

అమ్మా, ముందు తాంబే సంగతి చూద్దాం. 2013లో రాజస్థాన్ తరఫున ఆయన ఆడిన మాట నిజమే. కానీ అప్పటిదాకా ముంబయిలో కంపెనీ జట్లకి, క్లబ్బులకి ఆడుతూనే ఉన్నాడు. బతుకుదెరువు వదిలేసి కూర్చోలేదు. మీ ఆయన ఆ సగం కథ చెప్పడం మానేశారు. మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకి వైస్ కెప్టెన్. అప్పటికి అతనికి 17 ఏళ్లు. అండర్-23 దాటాక వయసుని బట్టి పెట్టే జట్లుండవు. రైల్వే స్పోర్ట్స్ కోటా కూడా 25 దగ్గరే ఆగిపోతుంది. ఈ లెక్కలన్నీ మీ ఆయనకి మీకంటే బాగా తెలుసు. తెలిసి కూడా పైకి ఒప్పుకోలేకపోతున్నారు, అంతే.

అందుకే ‘ఈ వయసులో ఆటలేంటి’ అని మాత్రం అనకండి. పదేళ్ల వయసు నుంచి ఆడుతున్న మనిషికి ఆ మాట చెంపదెబ్బే. మీ గొడవ క్రికెట్‌తో కాదు, దాచిపెట్టి చేసిన అప్పుతో, చేతిలోని జీతం వదులుకోవడంతో. ఆ రెండిటి దగ్గర మాత్రం మీరు మెత్తబడాల్సిన పని లేదు. పాపకి రెండేళ్లు, ఇంటికి అద్దె కట్టాలి.

మ్యాచ్ లేని రోజు అన్నం తిన్నాక కూర్చోండి. ఆదివారం రాత్రి వద్దు, డకౌట్ అయి వచ్చిన మనిషితో ఏ మాటా సాగదు. ఈ సీజన్లో ఎన్ని పరుగులు చేశారు, ఎవరైనా సెలెక్టర్ పిలిచారా అని మామూలుగా అడగండి. లీగ్ సెలెక్షన్స్‌కి ఉద్యోగం చేస్తూనే సెలవు పెట్టి వెళ్లమనండి. తీసుకుంటే అప్పుడు చూసుకోవచ్చు. నెలకి రెండు ఆదివారాలు ఆయనవి, రెండు మీవి. ఇకమీదట కిట్ ఖర్చు ఏదైనా ముందు మీకు చెప్పాకే. గ్రౌండ్ వదల్లేకపోతే అంపైరింగ్ ఉంది. రాష్ట్ర క్రికెట్ సంఘం దానికి పరీక్షలు పెడుతుంది. అయితే ఆ మాట ఆయన నోటి నుంచే రానివ్వండి. ఇప్పుడే మీరంటే ‘నా పని అయిపోయిందంటావా’ అని మళ్లీ అలుగుతారు.

ఒక ఆదివారం పాపని తీసుకుని మీరూ గ్రౌండ్‌కి వెళ్లిరండి. నాలుగేళ్లలో ఒక్కసారైనా వెళ్లినట్టు మీరు రాయలేదు.

ఇక ఆ తెల్ల ప్యాంటు, వచ్చే వారం నుంచి ఆయన్నే ఉతుక్కోమనండి.