5 స్ప్లిట్ ఏసీలు: టీఎం44 తనిఖీ కావాలా, వద్దా?

ఇంగ్లండ్, వేల్స్‌లో ఏసీల కెపాసిటీ 12 కిలోవాట్లు దాటితే టీఎం44 అనే ఎనర్జీ తనిఖీ తప్పనిసరి. 5 స్ప్లిట్ ఏసీలున్న ఒకరు తమకు అది అక్కర్లేదన్నారు. తేడా వచ్చింది యూనిట్ వివరాలుండే ప్లేటు చదవడంలోనే. 5 యూనిట్లకు తలా 1.1 కిలోవాట్లు వేసుకుని "5.5 కిలోవాట్లే, 12 దాటలేదు" అన్నారు. ఆ 1.1 అది లాగే కరెంటు. నిబంధన చూసేది కూలింగ్ కెపాసిటీని, అంటే యూనిట్ ఇచ్చే చల్లదనాన్ని. అదే ప్లేటు మీద ఇంకో వరుసలో 3.5 అని ఉంటుంది. 5 × 3.5 = 17.5. తనిఖీ తప్పదు.

"ఒక్కోటి చిన్నదే కదా" అనే వాదన నిలవదు. ఒకే భవనంలో ఒకరి అదుపులో ఉన్నవన్నీ కలిపే లెక్క. ఎక్కడో మూల గదిలో ఉన్నదాన్నీ కలపండి, అందరూ మరిచేది దాన్నే.

1. ప్రతి అవుట్‌డోర్ యూనిట్ ప్లేటుకూ ఫొటో తీయండి.

2. ఎయిర్ కండిషనింగ్ తనిఖీకి గుర్తింపున్న ఎనర్జీ అసెసర్‌నే పిలవండి. ఇళ్లకు ఈపీసీ (ఇంధన సామర్థ్య సర్టిఫికెట్) ఇచ్చే అర్హత దీనికి చాలదు.

3. సర్వీసు రికార్డులు, ఉంటే డ్రాయింగులు, కంట్రోలర్ సెట్టింగులు సిద్ధంగా పెట్టండి. ఎఫ్-గ్యాస్ (ఏసీలో చల్లబరిచే గ్యాస్) లీక్ చెక్ చేయించాం అంటే సరిపోదు, అది వేరే చట్టం.

4. పీడీఎఫ్ చేతికొచ్చిందని ఊరుకోకండి. రిపోర్టు ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎక్కాలి. రిఫరెన్స్ నంబరు అడిగి, మీరే వెతికి చూసుకోండి.

తనిఖీల మధ్య 5 ఏళ్లు మించకూడదు. లేకపోతే జరిమానా 300 పౌండ్లు. అది కట్టినా తనిఖీ మాత్రం చేయించాల్సిందే.