వీలునామా మీద పెన్నుతో దిద్దితే చెల్లుతుందా?

ప్రశ్న: నేను రిటైర్డ్ హైస్కూల్ టీచర్‌ని. వయసు 71. తెనాలిలో ఉంటాను. 2013లో వీలునామా రాసి రిజిస్టర్ చేయించాను. తెనాలి ఇల్లు అబ్బాయికి, గుంటూరులో 240 గజాల స్థలం అమ్మాయికి, బ్యాంకు డిపాజిట్లు మా ఆవిడకి అని అందులో ఉంది. 2019లో ఆ స్థలం అమ్మి, ఇంకొంత కలిపి హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాను. రెండేళ్ల క్రితం మా ఆవిడ పోయింది. ఈమధ్య వీలునామాలో స్థలం వివరాలు కొట్టేసి, పైన 'నిజాంపేట ఫ్లాట్' అని రాసి పక్కన సంతకం పెట్టాను. అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఇది చాలా? మళ్లీ రిజిస్ట్రారాఫీసుకి వెళ్లాలా? అబ్బాయి సంతకం కూడా తీసుకోవాలా?

జవాబు: మాస్టారూ, చాలదు. మీ దిద్దుబాటుకి చట్టం దృష్టిలో విలువ లేదు. వీలునామా పూర్తయ్యాక అందులో ఏ మార్పు చేసినా, అసలు వీలునామా ఎలా రాశారో అలాగే చేయాలని భారత వారసత్వ చట్టం, 1925లోని 71వ సెక్షన్ చెబుతుంది. మార్పు పక్కన మీ సంతకంతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అవి లేవు కాబట్టి, మీరు కొట్టేసినా చదవడానికి వీలుగా ఉన్న పాత మాటలే నిలుస్తాయి. పరీక్ష పేపర్లో కొట్టేసిన జవాబుకి మీరు మార్కులు వేసి ఉండరు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

అసలు ప్రమాదం దిద్దుబాటులో కాదు, దాని కింద మిగిలిన వాక్యంలో ఉంది. (మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను.) అమ్మాయికి రాసిన స్థలం ఇప్పుడు మీది కాదు. వీలునామాలో పేరు పెట్టి రాసిన ఆస్తి, రాసినవారు పోయే నాటికి వారి చేతిలో లేకపోతే ఆ వాక్యం వట్టిపోతుంది. స్థలం డబ్బే ఫ్లాట్ అయింది కదా అని మనం అనుకుంటాం. చట్టం అలా అనుకోదు.

మరి ఫ్లాట్ ఎవరికి వెళ్తుంది? పాత వీలునామా చివరి పేరా ఒకసారి చదవండి. మన దస్తావేజు లేఖరులకి ఒక అలవాటు ఉంది. 'నా మిగతా స్థిరచరాస్తులు, ఇకముందు నేను సంపాదించబోయేవి కూడా నా కుమారునికే చెందవలెను' అని పాత నమూనాలోంచి ఎత్తి రాసేస్తారు, మనం చదవకుండానే సంతకం పెట్టేస్తాం. ఆ వాక్యం ఉంటే ఫ్లాట్ మొత్తం అబ్బాయిది. పైగా మీ ఆవిడ లేరు కాబట్టి డిపాజిట్లు కూడా అటే వెళ్తాయి. ఆ వాక్యం లేకపోతే రెండూ ఇద్దరు పిల్లలకీ సమానంగా వస్తాయి. ఎటు చూసినా మీరు కోరుకున్నది మాత్రం జరగదు.

చిన్న మార్పులకి కోడిసిల్ అనే అనుబంధ పత్రం ఉంది. ఎగ్జిక్యూటర్‌ని (వీలునామాను అమలు చేసే వ్యక్తిని) మార్చడం, పొరపాటున పడిన ఇంటి నంబరు సరిచేయడం లాంటివాటికి అది సరిపోతుంది. మీ విషయంలో ఒక ఆస్తి పోయింది, ఒకటి వచ్చింది, లబ్ధిదారుల్లో ఒకరు లేరు. రెండు పత్రాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప అర్థం కాని వీలునామా పిల్లల మధ్య తగవుకి మంచి విత్తనం. అందుకే కొత్తది రాయండి. 'ఫలానా తేదీన, ఫలానా ఆఫీసులో, ఫలానా నంబరుతో రిజిస్టరైన నా వీలునామాను పూర్తిగా రద్దు చేస్తున్నాను' అన్న వాక్యం మొదట్లోనే రావాలి. మిగతా ఆస్తులు ఎవరికో కూడా ఈసారి మీ ఇష్టప్రకారం, మీ మాటల్లో రాయించండి.

పాతదాన్ని చించకండి. చించినా దాని నకలు రిజిస్ట్రారాఫీసు పుస్తకంలో ఉంటుంది. దాన్ని సందేహానికి తావు లేకుండా తీసిపారేసేది కొత్త పత్రంలోని రద్దు వాక్యమే. పైగా రేపు ఎవరైనా అనుమానపడితే, కొత్తది రాయకముందే మీ ఆలోచన ఇదేనని ఆ పెన్ను రాతలైనా చెబుతాయి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్టరైన వీలునామాను రిజిస్టర్ కాని కొత్త వీలునామా కూడా రద్దు చేయగలదు. అయినా మీకు రిజిస్టర్ చేయించమనే చెబుతాను. పాతది రిజిస్టరై, కొత్తది కాకపోతే, 'నాన్న చివర్లో ఎవరో చెబితే సంతకం పెట్టాడు' అనడం తేలిక. పాతది చేయించిన ఆఫీసుకే, లేదా ఆస్తి ఉన్న ఊరికే వెళ్లాలని లేదు. మీరు ఉన్న చోటే చేయించుకోవచ్చు. నడవలేని స్థితిలో ఉంటే దరఖాస్తు మీద సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి చేస్తారు.

రిజిస్టర్ అయినంత మాత్రాన కోర్టులో తిరుగులేదనీ కాదు. సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పాల్సి ఉంటుంది. అందుకని మీకంటే బాగా చిన్నవాళ్లని, దగ్గర్లో దొరికేవాళ్లని సాక్షులుగా పెట్టుకోండి. మీ తోటి మాస్టార్లని వద్దు. పిల్లలు, అల్లుడు, కోడలు అసలే వద్దు. ఆస్తి పొందేవాళ్లే దగ్గరుండి వీలునామా రాయిస్తే అది అనుమానించదగ్గ పరిస్థితి అని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ వీలునామా తగాదాల్లో లాయర్లు మొదట తీసేది ఆ తీర్పునే. కాబట్టి అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు కాకుండా, ఆమె అక్కడ ఉండగానే ఈ పని ముగించండి. అదే రోజు, మీ మానసిక స్థితి బాగుందని మీకు తెలిసిన డాక్టరు దగ్గర ఒక కాగితం తీసుకోండి.

డిపాజిట్లకి నామినీగా ఇంకా మీ ఆవిడ పేరే ఉండి ఉంటుంది. అదీ మార్చండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురిదాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. నామినీకి బ్యాంకు డబ్బు అప్పగిస్తుంది, అంతమాత్రాన ఆ డబ్బు నామినీది అయిపోదు. అది ఎవరిదో మీ వీలునామా చెబుతుంది. ఒకే పేర్లు రెండు చోట్లా ఉంటే గొడవ ఉండదు.

అమ్మాయి విషయంలో ఒక్క మాట. మన దగ్గర వారసత్వ పన్ను లేదు. ఆమెకి వచ్చేది ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే అమెరికాలో ఫారం 3520 దాఖలు చేయాలి. అది వివరాలు తెలపడానికే, పన్ను కాదు. కానీ మర్చిపోతే పెనాల్టీ గట్టిగా పడుతుంది.

అబ్బాయి సంతకం సంగతి. మీ స్వార్జితానికి మీరు రాసే వీలునామాకి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు. అయితే ఫ్లాట్ సేల్ డీడ్ తీసి, కొన్నవారి పేర్లు చూడండి. మీ ఆవిడ పేరు కూడా సమాన హక్కుతో ఉంటే, ఆమె వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆమె సగం వాటా ఇప్పటికే మీకు, అబ్బాయికి, అమ్మాయికి మూడు సమాన భాగాలుగా వచ్చేసింది. అంటే మీరు రాయగలిగేది ఫ్లాట్‌లో మూడింట రెండు వంతులే. ఆరో వంతు ఇప్పటికే అమ్మాయిది. మిగిలిన ఆరో వంతు అబ్బాయిది, దాన్ని మీ వీలునామాతో మీరు ఎవరికీ రాయలేరు. అది కూడా అమ్మాయికే దక్కాలంటే అబ్బాయి ఆమె పేరిట రిలీజ్ డీడ్ (తన హక్కు వదులుకునే పత్రం) రాసి రిజిస్టర్ చేయించాలి. మీరు అడిగిన సంతకం అవసరం పడేది అక్కడే.