హార్డ్ డిస్క్‌ని చెరపాలా, తుడవాలా, కొట్టాలా?

సందేహం: మా ఆఫీసులో పాత కంప్యూటర్లు వేరేవాళ్ళకి ఇచ్చేముందు ఏమేం చెయ్యాలో తెలుగులో ఒక కాగితం తయారుచేస్తున్నాను. అందులో "హార్డ్ డిస్క్‌ను పూర్తిగా చెరిచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను పునర్‌స్థాపించండి" అని రాశాను. ఒకరేమో చెరిచి కాదు తుడిచి అనాలి అన్నారు, ఇంకొకరు ఇదంతా ఎందుకండీ, "ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించండి" అంటే అందరికీ అర్థమవుతుంది కదా అంటున్నారు. కొట్టడం, ఎక్కించడం లాంటివి రాతలో పనికొస్తాయా? వీటిలో ఏది సరైన తెలుగు?

సమాధానం: ముందు ఆ 'చెరిచి' అన్నమాట తీసెయ్యండి, మిగతావి తర్వాత చూద్దాం. మీరు రాయాలనుకున్నది 'చెరిపి'. చెరుపు వేరు, చెరచు వేరు. చెరుపు అంటే రాసినదాన్ని లేకుండా చెయ్యడం, దాని రూపాలు చెరిపాను, చెరపాలి, చెరపండి. చెరచు అంటే పాడుచెయ్యడం, ఇవాళ్టి వాడుకలో అయితే ఇంకా ఘోరమైన అర్థమే ముందు తోస్తుంది, అందుకే "ఫైళ్ళు చెరిచాను" అని ఎవరైనా రాస్తే చదివేవాళ్ళు ఉలిక్కిపడతారు. 'చెరపకురా చెడేవు' అనే సామెతలో చెరుపుకి కూడా చెడగొట్టడమనే అర్థం ఉందనుకోండి, కానీ అక్షరాల దగ్గరికొచ్చేసరికి చెరిపాను అంటే ఎవరికీ అనుమానం రాదు.

ఇక అసలు సంగతి. చెరపడం, తుడవడం, కొట్టెయ్యడం, తీసెయ్యడం, ఈ నాలుగూ ఒకటే పని అనుకుని ఏదో ఒకటి రాసేస్తే కంప్యూటర్ విషయంలో నిజంగానే నష్టం జరుగుతుంది. నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా. నా కంప్యూటర్ మొరాయిస్తే బాగుచెయ్యడానికొచ్చిన అబ్బాయి "సీ తుడిచేసి కొత్తది ఎక్కించనా సార్?" అని అడిగాడు, నేను దుమ్మూధూళీ దులిపినట్టు అనవసరమైనవేవో తీసేస్తాడు కాబోలు అనుకుని సరే బాబూ అన్నాను. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయని నాకప్పటికి తెలీదు. రెండేళ్ళు కూర్చి పెట్టుకున్న మాండలిక పదాల ఫైలు అక్కడే ఉంది, పోయింది. అతను వాడిన మాటలో తప్పేం లేదు, తుడవడం అంటే ఉన్నదంతా పోవడమే, దాని బరువు నేనే పట్టించుకోలేదు.

ఒక్కో మాటా దేనికి సరిపోతుందో చూడండి. మనం కంప్యూటర్లో ఒక ఫైలు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశామనుకోండి, అప్పుడు మామూలు హార్డ్ డిస్క్‌లో ఆ ఫైల్లోని సమాచారం వెంటనే పోదు, ఫలానా ఫైలు ఫలానా చోట ఉంది అనే నమోదు పోతుంది, ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుంది, ఇంకేదైనా వచ్చి అక్కడ రాసేదాకా పాతది అలాగే ఉంటుంది, అందుకే రికవరీ సాఫ్ట్‌వేర్లు దాన్ని రాబట్టగలుగుతున్నాయి. దీనికి తెలుగులో ఎంత చక్కగా అతికే మాట ఉందో చూడండి, కొట్టెయ్యడం. చేత్తో రాసిన కాగితం మీద ఒక మాట తప్పనిపిస్తే దాని మీద అడ్డంగా గీత గీసి కొట్టేస్తాం. లెక్కలోంచి ఆ మాట పోయింది, కానీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తే గీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. డిలీట్ అంటే అచ్చంగా అదే. ఇబ్బందల్లా కొట్టెయ్యడానికి దొంగిలించడమనే అర్థం కూడా ఉండటం, "ఫైళ్ళు కొట్టేశాడు" అంటే ఎత్తుకుపోయాడేమో అనుకుంటారు, అందుకని అక్కడ తీసెయ్యడం అనో డిలీట్ చెయ్యడం అనో రాయడమే క్షేమం.

చెరపడం అక్షరానికి సంబంధించిన మాట, ఎంతమేరకి కావాలంటే అంతమేరకే చెరుపుతాం. తుడవడం అలా కాదు, అది పలకకీ బల్లకీ నేలకీ సంబంధించింది, పరుచుకున్న జాగా మొత్తానికి. చెరిగిపోయింది అంటే ఒక ఫైలు, ఒక పేరు పోయినట్టు, తుడిచిపెట్టుకుపోయింది అంటే ఏమీ మిగల్లేదని. కాబట్టి డిస్క్ మొత్తం మీద సున్నాలో మరేవో రాసి పాతవి పోగొట్టే పనికి తుడవడమే సరైన మాట, మిమ్మల్ని సరిదిద్దినాయన చెప్పింది నిజం. అయితే రాసేటప్పుడు తుడచడం, తుడుచడం అని రాయకండి. నడుచు నడవడం, పిలుచు పిలవడం, గెలుచు గెలవడం అయినట్టే తుడుచు తుడవడం అవుతుంది, తుడవండి అనాలి.

ఫార్మాట్ అనేది ఈ రెంటికీ పర్యాయపదం కాదు, ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫార్మాట్ చెయ్యడం అంటే కొత్త నోటుబుక్కులో గీతలు గీసి విషయసూచికకి పేజీ వదిలినట్టు, డిస్క్‌ని రాతకి సిద్ధం చెయ్యడం. క్విక్ ఫార్మాట్‌లో కొత్త సూచిక పడుతుందే తప్ప లోపలి పాత రాతలు చాలావరకు అలాగే ఉంటాయి. ఆ క్విక్ అనే టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ విస్టా నుంచి డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది, అంతకుముందు ఎక్స్‌పీలో పూర్తి ఫార్మాట్ అన్నా పాడైన భాగాలున్నాయేమో వెతికేది, అంతే. అంటే ఒకే మాటకి వేరే వేరే కాలాల్లో వేరే వేరే పనులన్నమాట. దీనికి తెలుగు మాట కట్టాలనే ఆరాటం నాకు లేదు, ఫార్మాట్ అనే ఉంచండి, కాకపోతే 'పూర్తి' అన్న మాట మాత్రం మర్చిపోకండి.

ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే డిస్క్) అయితే అక్కడ తుడవడం కూడా పూర్తిగా సరిపోదు. దానిలోని కంట్రోలర్, అంటే డ్రైవ్‌ని నడిపించే చిప్పు, రాతలన్నీ ఒకే చోట పడకుండా అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది కాబట్టి పైనుంచి సున్నాలు రాసినా పాత ముక్కలు ఎక్కడో మిగిలే వీలుంది. దానికి డ్రైవ్‌లోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడతారు, లేదా ముందే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవిలాంటి ఒక సంకేతం ఉంటేనే చదవగలిగేలా మార్చి ఉంటే, ఆ తాళంచెవిని నాశనం చేస్తారు. రాత అక్కడే ఉంటుంది, చదివే దారి ఉండదు. దీన్ని చెరపడం అన్నా తుడవడం అన్నా అబద్ధమే, "తాళంచెవి లేకుండా చెయ్యడం" అని విడమరిచి రాయాల్సిందే. అమెరికాలోని నిస్ట్ అనే ప్రమాణాల సంస్థ 800-88 అనే మార్గదర్శకాల్లో, 2014 నాటి సవరణ ప్రకారం, ఈ పనులకి క్లియర్, పర్జ్, డిస్ట్రాయ్ అని మూడు మెట్లు పెట్టింది. వాటిని నేనైతే తుడవడం, కడిగెయ్యడం, ధ్వంసం చెయ్యడం అంటాను. తుడిచిన పలక మీద చార మిగలొచ్చు, కడిగిన పలక మీద మిగలదు, పర్జ్ అన్నదాని ఉద్దేశం కూడా ప్రయోగశాల పద్ధతులకి సైతం దొరక్కుండా చెయ్యడమే.

ఇక పునర్‌స్థాపన. ఇది సంధి ప్రకారం తప్పు. పునః అన్నదాంట్లోని విసర్గ అచ్చుల ముందూ గజడదబ లాంటి అక్షరాల ముందూ నమయలవల ముందే రేఫగా, అంటే ర్‌గా, మారుతుంది, పునరావాసం, పునర్జన్మ, పునర్నిర్మాణం, పునర్వివాహం అలా వచ్చినవే. స ముందు మారదు, పునఃస్థాపన అనే రాయాలి. పునఃప్రారంభం కూడా అంతే, పునర్‌ప్రారంభం కాదు. కానీ నన్నడిగితే ఒప్పుగా రాసినా ఆ మాట ఇక్కడ వద్దు. సంస్థలని స్థాపిస్తాం, రాజ్యాలని స్థాపిస్తారు, సాఫ్ట్‌వేర్‌ని స్థాపించమంటే ఏదో శంకుస్థాపనలా వినిపిస్తుంది.

ఎక్కించడం మంచి మాట. సెలైన్ ఎక్కిస్తాం, పేరు జాబితాలోకి ఎక్కిస్తాం, బయటిదాన్ని లోపలికి చేర్చి అక్కడ నిలిపే పనికి జనం తమంతట తామే దాన్ని ఎంచుకున్నారు. కానీ పెన్‌డ్రైవ్‌లోకి పాటలు ఎక్కించినా ఎక్కించడమే కాబట్టి సూచనల కాగితంలో "మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి" అంటే గందరగోళం ఉండదు. కొట్టడం సంగతి కూడా అంతే, ఈత కొట్టడం, చప్పట్లు కొట్టడం, రంగు కొట్టడం అన్నీ నిక్షేపమైన తెలుగే, ఫార్మాట్ కొట్టడం వాటి వరసలోకే వచ్చింది, మాటల్లో నిస్సంకోచంగా అనండి, కాగితం మీద మాత్రం ఫార్మాట్ చెయ్యడం అని రాయండి.

మరొక్కటి, విండోస్‌లో రీసెట్ అని ఉంటుంది, అది నా ఫైళ్ళు ఉంచు, అన్నీ తీసెయ్యి అని రెండు దారులు అడుగుతుంది. మొదటిది ఎంచుకుంటే మీ సొంత ఫైళ్ళు అలాగే ఉంటాయి, వేరేవాళ్ళకి ఇచ్చే కంప్యూటర్‌కి అది పనికిరాదు. కాబట్టి మీ వాక్యం ఇలా మార్చండి: "కావలసిన ఫైళ్ళు వేరేచోట భద్రపరిచాక, డిస్క్ మొత్తాన్ని పూర్తిగా తుడవండి (ఎస్ఎస్‌డీ అయితే సెక్యూర్ ఎరేజ్ వాడండి). తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి." ఆ మొదటి ముక్కని కొంచెం పెద్ద అక్షరాల్లో వేయించండి.