అమ్మాయిని డిఫెన్స్‌కి మార్చారు, ఇక ఫుట్‌బాల్ మాన్పించాలా?

ప్రశ్న: మేం కొన్నేళ్లుగా స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో ఉంటున్నాం. మా పాప తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి ఇక్కడి క్లబ్‌లో ఫుట్‌బాల్ ఆడుతోంది. ఎప్పుడూ మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడేది. ఈ మధ్య కోచ్ సెంటర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్‌గా మార్చాడు. "వెనక నిలబడేవాళ్లను ఎవరు చూస్తారు, గోల్స్ కొట్టకపోతే కెరీర్ ఎక్కడిది?" అని వాళ్ల నాన్న అంటున్నారు. పాపేమో తొమ్మిది తర్వాత ఫుట్‌బాల్ ఉన్న జిమ్నేసియంలోనే (ఇక్కడి ఇంటర్ స్థాయి స్కూలు) చేరతానని పట్టుబట్టింది. చదువు ఏమైపోతుందోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీవారి సందేహం తీరుద్దాం. మీ ఊరి క్లబ్‌కే ఆడిన నిల్లా ఫిషర్ గురించి ఆయనకు చెప్పండి. 1984లో, దక్షిణాన స్కోనె ప్రాంతంలోని వేరుమ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. మాల్మోలో పేరు తెచ్చుకున్నదీ, 2011 ప్రపంచకప్‌లో స్వీడన్‌కు కాంస్యం వచ్చినప్పుడు ఆడిందీ మిడ్‌ఫీల్డర్‌గానే. తర్వాత జాతీయ జట్టుకు కోచ్‌గా వచ్చిన పియా సుంద్‌హాగె ఆమెను సెంటర్ బ్యాక్‌గా మార్చింది. అప్పటికి ఫిషర్‌కు 28 ఏళ్లు. ఆ వయసులో స్థానం మారడం అంటే చాలామందికి కెరీర్ చివరికొచ్చినట్టే అనిపిస్తుంది. ఆమెకు మాత్రం అసలు కెరీర్ అక్కడ మొదలైంది.

2013లో స్వీడన్‌లోనే జరిగిన యూరో టోర్నీలో డిఫెండర్‌గా ఆడుతూనే 3 గోల్స్ కొట్టింది. ఆ వేసవిలోనే జర్మనీ క్లబ్ వోల్ఫ్స్‌బర్గ్‌లో చేరింది. అక్కడ ఆరేళ్లలో 4 లీగ్ టైటిళ్లు, 2014లో యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో స్వీడన్ అమెరికానూ, బ్రెజిల్‌నూ పెనాల్టీ షూటౌట్లలో దాటుకుని ఫైనల్‌కు వెళ్లి రజతం తెచ్చుకుంది. ఆ రెండు మ్యాచ్‌లలో స్వీడన్‌ను నిలబెట్టింది వెనక గోడకట్టిన డిఫెన్సే. 2018లో దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌కిచ్చే వజ్రపు బంతి అవార్డు ఫిషర్‌కు వచ్చింది. మరుసటి ఏడాది ప్రపంచకప్ మూడో స్థానం మ్యాచ్‌లో, ఇంగ్లండ్ మీద 2-1 ఆధిక్యంతో ఆట చివరికొచ్చినప్పుడు, గోల్‌లోకి వెళ్తున్న బంతిని గీత మీద నిలబడి ఆపింది ఆమే. అప్పుడామెకు 34. వెనక ఆడేవాళ్లను ఎవరు చూస్తారన్నారు కదా, ఆ కాంస్యం గురించి చెప్పుకునేటప్పుడు స్వీడన్‌లో అందరికీ గుర్తొచ్చేది ఆ ఒక్క క్షణమే.

సెంటర్ బ్యాక్‌కు మైదానమంతా ఎదురుగా కనిపిస్తుంది. ఎదుటివాళ్ల ఎత్తుగడ ముందే పసిగట్టాలి, పక్కవాళ్లను గొంతెత్తి నడిపించాలి, ఒత్తిడిలో కూడా బంతిని శుభ్రంగా ముందుకు అందించాలి. మిడ్‌ఫీల్డ్‌లో పెరిగిన పిల్లకు ఇవి ముందే అలవాటై ఉంటాయి. మీ పాపను ఎందుకు మార్చారో కోచ్‌నే అడగండి. ఆ ప్రశ్న పాపే వేస్తే ఇంకా మంచిది.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ నేను మిమ్మల్ని ఊరించలేను. స్వీడన్ మహిళల అగ్రశ్రేణి లీగ్ డామాల్‌స్వెన్స్కాన్‌లో 14 జట్లు. ఒక్కో జట్టుకు పాతికమంది చొప్పున లెక్కేసినా 350 చోట్లు. వాటికోసం దేశమంతటి అమ్మాయిలతో పాటు విదేశాల నుంచి వచ్చేవాళ్లూ పోటీ పడతారు. క్లబ్బుల పరిస్థితీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2014 మేలో ఫిషర్ జట్టు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో 4-3తో ఓడించింది స్వీడన్ క్లబ్ తిరెసోనే. బ్రెజిల్ స్టార్ మార్తా ఆడిన జట్టది. యూరప్ ఫైనల్ ఆడిన నెలలోపే అప్పుల వల్ల ఆ క్లబ్ స్వీడన్ లీగ్ నుంచి తప్పుకుంది. అంత పెద్ద ఆటగాళ్లకే అలా జరిగింది. అందుకే చదువు పక్కన పెట్టి ఆట అనే మాటకు నేను ఒప్పుకోను. అదృష్టవశాత్తూ మీరున్న దేశంలో ఆ రెంటిలో ఒకటి వదులుకోవాల్సిన పని లేదు.

జిమ్నేసియం మూడేళ్లు. మన ఇంటర్ స్థాయి చదువే. ఎన్ఐయూ (జాతీయ స్థాయిలో ఆమోదం పొందిన క్రీడా విద్య) గుర్తింపు ఉన్న స్కూళ్లలో ఆటను ఒక సబ్జెక్టుగా టైమ్‌టేబుల్‌లోనే పెడతారు. స్కూలు వేళల్లోనే శిక్షణ ఉంటుంది, సాయంత్రం క్లబ్ ప్రాక్టీస్ మామూలే. చేరడానికి ఆటలో ఎంపిక కావాలి, చేరబోయే ప్రోగ్రామ్‌కు సరిపడా గ్రేడ్లూ ఉండాలి. ఆట సబ్జెక్టుకు చోటివ్వాలంటే ఇంకోచోట సబ్జెక్టులు తగ్గుతాయి. మీరు కనిపెట్టుకోవాల్సింది ఇదే. నా సలహా, నేచురల్ సైన్స్ ప్రోగ్రామ్‌తో పాటు ఫుట్‌బాల్ ఇచ్చే స్కూలు వెతకండి. ఇంజనీరింగ్‌కో మెడిసిన్‌కో కావలసిన మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ స్థాయులు మూడేళ్లలో పూర్తిగా దక్కుతాయా లేదా అన్నది అక్కడి స్టడీ కౌన్సెలర్‌తో కాగితం మీద రాయించుకోండి. మధ్యలో ఆట మానేస్తే అదే స్కూల్లో చదువు కొనసాగించొచ్చా అనీ అడగండి.

మోకాలి గురించి మీరు రాయలేదు కానీ నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు ఉన్నది దాని మీదే. టీనేజ్ అమ్మాయిల్లో మోకాలి కీలును పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగడం అబ్బాయిల కన్నా ఎక్కువ. తెగితే ఆపరేషను, ఏడాదికి దగ్గరగా ఆట బంద్. దీన్ని తగ్గించే వ్యాయామాల పద్ధతి స్వీడన్‌లోనే తయారైంది. పేరు క్నేకంట్రోల్. దాని మీద మీ ఊరి లిన్‌షోపింగ్ యూనివర్సిటీ పరిశోధకులు నాలుగున్నర వేల మంది అమ్మాయిలతో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు, పావుగంట వార్మప్ చేసిన జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. ఇంత చవకగా, ఇంత మేలు చేసేది ఆటల్లో అరుదు. పాప జట్టులో అది చేయిస్తున్నారో లేదో ఈ వారమే కనుక్కోండి. చేయించకపోతే అడగడానికి మొహమాటపడకండి.

పౌరసత్వం సంగతి కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. స్వీడన్ జాతీయ జట్టు ఏ వయసు విభాగంలో ఆడాలన్నా స్వీడన్ పౌరసత్వం ఉండాలి. అది తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో భారత జట్టుకు ఆడనివ్వరు. పాప ఆ స్థాయికి వెళ్తుందో లేదో ఇప్పుడే చెప్పలేం. క్లబ్ ఆటకు మాత్రం ఈ చిక్కు లేదు. ఇండియా జట్టు తలుపు తెరిచి ఉంచుకోవాలనుకుంటే, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఆ జెర్సీ వేసుకోవడమే కాదు, క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ క్లబ్‌కూ వెళ్లిందని పాపకు చెప్పండి.

జిమ్నేసియంలు ఓపెన్ హౌస్ పెట్టే రోజులు స్కూళ్ల వెబ్‌సైట్లలో ఉంటాయి. రెండు మూడు స్కూళ్లకు ముగ్గురూ కలిసి వెళ్లండి. మ్యాథ్స్, ఫిజిక్స్ ప్రశ్నలు మీరడగండి. గాయమైతే ఫిజియో ఎవరు, శిక్షణ ఇచ్చే కోచ్ ఎవరు, క్లబ్‌తో ఎలా మాట్లాడుకుంటారు అన్నవి వాళ్ల నాన్నకు వదిలేయండి. సెంటర్ బ్యాక్‌గా తనకు ఏం నేర్పుతారన్నది మాత్రం పాపనే అడగనివ్వండి.