పిల్లి కనిపించని బొమ్మ

అమ్మాయీ,

కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైము మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. నా పేచీ అంతా రెండో పేజీలోని ఒక్క వాక్యంతో: ‘శాస్త్రవేత్తలు ఎంజైమును ఫోటో తీసి, ప్రతి పరమాణువునూ చూశారు.’ ఫోటో తీయలేదు, ప్రతి పరమాణువునూ చూడలేదు.

జ్యూరిక్‌లో శాస్త్రవేత్త నెనాద్ బాన్ బృందం 2006లో ప్రకటించిన ఈ ఎంజైము నిర్మాణం 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఉంది (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). 2008 నాటికి అది 3.2కి దిగింది. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ చూపు పదునెక్కుతుందని ఒక ముక్క చెప్పు, లేకపోతే పాఠకులు తలకిందులుగా అనుకుంటారు. ఇక, జంటగా ఉన్న రెండు కార్బన్ల మధ్య దూరం దాదాపు ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామే. 3.2 దగ్గర అవి విడివిడిగా ఎలా కనిపిస్తాయి? ఎంజైము స్ఫటికం మీద పడి చెదిరిన ఎక్స్ కిరణాలను లెక్కగట్టగా వచ్చేది మబ్బులాంటి ఎలక్ట్రాన్ సాంద్రత పటం, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో చూపేది. ముందే తెలిసిన అమైనో ఆమ్లాల వరుసను ఆ మబ్బులో కుదుర్చుకుంటూ పోవాలి. ఒక్కో గొలుసులో సుమారు 2,500, అలాంటి గొలుసులు రెండు. ఆ ఓపిక గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు.

ఎంజైమును ఎక్కడి నుంచి తీశారో చెప్పేచోట ‘జంతు కణజాలం’ అని దాటేశావు. పంది పొదుగు అనే రాయి, మొహమాటం దేనికి? పాలలోకి కొవ్వు చేరాలి కాబట్టి అక్కడ ఈ ఎంజైము దండిగా ఉంటుంది.

అసలు కథ నువ్వు వదిలేసిన చోట ఉంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందంటాం కదా, ఈ ఎంజైములోనూ అలాంటి పిల్లి ఉంది. వాహక భాగం అంటారు. పెరుగుతున్న కొవ్వు ఆమ్లాన్ని నోట కరుచుకున్నట్టు పట్టుకుని ఒక్కో పనిచోటుకూ తిప్పుతుంది. ఇక్కడ ఇళ్లు ఆరే అనుకో. పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లం పూర్తయ్యాక చివరి ఇంట్లో దాన్ని తెంచి వదిలేస్తారు. 2008 నాటి నిర్మాణంలో పిల్లీ కనిపించలేదు, ఆ చివరి ఇల్లూ కనిపించలేదు! స్ఫటికంలోని లెక్కలేనన్ని అణువుల సగటే మనకు దొరుకుతుంది. ఒక్కో అణువులో ఒక్కో చోట ఊగే భాగాలు ఆ సగటులో చెరిగిపోతాయి. కదలకుండా ఉన్నవే నిలిచాయి. ఈ ఎంజైము బతుకంతా కదలికే అయినప్పుడు, ఆ ఖాళీ గురించి ఒక పేరా అయినా రాయాలి కదా.

బొమ్మ గీసేవారికి కూడా ముందే చెప్పు. చాలా ఏళ్ల కిందట నా వ్యాసానికి గీసినాయన, ఖాళీ చూడటానికి బాగాలేదని అక్కడ రెండు గుండ్రాలు గీసి రంగు నింపారు. అచ్చయి వచ్చాక గాని నేను చూడలేదు.