ముందు బండి ఆపడం నేర్చుకో అల్లుడూ

కావలి

అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "డిగ్రీ చదివి లారీ ఎక్కుతానంటున్నాడు, నువ్వయినా చెప్పన్నా" అంది. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ముప్పై నాలుగేళ్లు స్టీరింగ్ పట్టుకునే ఇల్లు కట్టాను, ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేశాను. ఆ పని తక్కువదని నా నోటితో అనలేను. కానీ నువ్వన్న మాట ఒకటి మనసులో తిరుగుతూనే ఉంది. "ట్రాక్టరు తోలతా, కారు తోలతా, లారీ నేర్చుకోవడం ఎంతసేపు మామా?" అన్నావు. తోలడం పెద్ద పని కాదు, నెలా రెండు నెలల్లో వస్తుంది. ఎక్కడ ఆపాలి, ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి అన్నది నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. నీకు అంత కాలం పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. నీకు ఇరవై రెండు నిండాయి, కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. అందువల్ల హెవీకి ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, తీసుకోవచ్చు. ఇరవై ఏళ్లు నిండాలి, లైట్ మోటార్ లైసెన్సు వచ్చి ఏడాది అయి ఉండాలి, ఆ రెండూ చూస్తారు. డాక్టరు సర్టిఫికెట్ కావాలి, హెవీ స్కూల్లో నేర్చుకున్నట్టు కాగితం కావాలి. లైసెన్సు వచ్చాక ఐదేళ్లకొకసారి రెన్యువల్. డబ్బులిస్తే స్కూలుకు వెళ్లకుండానే ఆ కాగితం తెచ్చిపెట్టేవాళ్లు నీకు తగులుతారు. దగ్గరికి రానివ్వకు. ఇప్పుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాలు, 38 గంటలు. దర్శిలో పెద్ద డ్రైవింగ్ శిక్షణ సంస్థ కట్టారు, ఆర్టీసీ వాళ్లూ హెవీ స్కూళ్లు నడుపుతున్నారు. నా రోజుల్లో ఇవేవీ లేవు. 1988లో క్లీనర్‌గా ఎక్కి, గురువు చేత తిట్లు తింటూ నేర్చుకున్నాను. పద్ధతిగా కూర్చోబెట్టి నేర్పేవాడు దొరికితే ఆ అదృష్టం వదులుకోకు.

కళ్ల పరీక్ష మాత్రం రేపే చేయించు. రాత్రిపూట ఎదురు లైటు పడ్డాక మళ్లీ రోడ్డు కనబడటానికి నీకు ఎంతసేపు పడుతోందో డాక్టరుకు చెప్పు.

లైసెన్సు చేతికి రాగానే ట్రైలర్ మీదికి ఎగరొద్దు. 7,500 కిలోల లోపు బండ్లను లైట్ మోటార్ లైసెన్సుతోనే తోలవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి ఈ కొన్ని నెలలూ ఊరికే ఉండకుండా చిన్న లోడు బండి తోలు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టుకో, నెల్లూరు కూరగాయల మార్కెట్టుకో పది ట్రిప్పులు వెయ్యి. బరువుతో బండి ఆగే తీరు వేరు, ఖాళీగా ఆగే తీరు వేరు అని నీ కాలికి తెలుస్తుంది. తర్వాత పెద్ద బండి మీద ఒక సీనియర్ పక్కన ఆరు నెలలు సెకండ్ డ్రైవర్‌గా తిరుగు. సెకండ్ డ్రైవర్ అంటే క్లీనర్ పనులు కూడా నీవే. డిగ్రీ చదివి అవి చెయ్యడం నామోషీ అనుకుంటావేమో. పట్టా ఎలా కప్పాలి, తాడు ఎక్కడ బిగించాలి, జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని ఎలా తీయాలి, చక్రం నడిమధ్య ఉండే హబ్ వేడెక్కిందో లేదో దగ్గర చెయ్యి పెట్టి ఎలా తెలుసుకోవాలి, ఇవన్నీ కింద నిలబడి చేసిన పనులు. సీట్లో కూర్చుని ఎవరూ నేర్చుకోలేదు.

మొదటి లోడ్లు కూడా చూసి ఎంచుకో. బియ్యం బస్తాలు మంచివి, పెట్టినచోట ఉంటాయి. చీమకుర్తి గ్రానైట్ బ్లాకు అలా కాదు. గొలుసులు, చెక్క చీలలు సరిగ్గా లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఆగుతుంది, రాయి ఆగదు. అది ముందుకొస్తే క్యాబిన్ అడ్డుకోలేదు. కృష్ణపట్నం నుంచి నూనె ట్యాంకర్లు బయల్దేరుతాయి. నిండు ట్యాంకరు కంటే సగం ఖాళీ ట్యాంకరు ప్రమాదం. లోపల నూనె ముందుకూ వెనక్కూ ఊగి, నువ్వు ఆపిన బండిని మళ్లీ నెడుతుంది. రొయ్యల లోడుకు ఐసు కరిగేలోపు ప్లాంటుకు చేరాలనే తొందర. ఈ మూడూ రెండేళ్ల తర్వాతే.

ఓవర్‌లోడ్ ఎక్కిస్తామంటే దిగిపో. పది టైర్ల బండికి బండి బరువుతో కలిపి 28.5 టన్నులు. కాటా చీటీ నీ కళ్లతో చూడకుండా యార్డు గేటు దాటకు. ఎక్కువ బరువు దొరికితే చట్టంలో 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు మరో 2,000 జరిమానా ఉంది. డబ్బు ఓనరుదే అనుకుంటావు, కానీ టైరు పేలినప్పుడు స్టీరింగ్ ఉండేది నీ చేతిలో.

ఇప్పుడు ఘాట్ గురించి. గిద్దలూరు నుంచి నంద్యాల పోయేటప్పుడు నల్లమల ఘాట్ వస్తుంది. నేను మొదటిసారి లోడుతో దిగుతూ, డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేశాను. పక్కన నిద్రపోతున్నాడనుకున్న గురువు లేచి చెంప మీద ఒక్కటి కొట్టాడు. "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలిరా" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది. అవి కాలి ఎరుపెక్కితే నువ్వు పెడల్ ఎంత తొక్కినా పట్టు ఉండదు. ఇంజను ఆపావా, గాలి నింపే కంప్రెసర్ కూడా ఆగిపోతుంది. నాలుగుసార్లు తొక్కేసరికి ఎయిర్ ప్రెషర్ పడిపోతుంది. చిన్న గేరు, ఇంజను పొగ దారి మూసి బండిని నిదానింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు, మధ్యమధ్య కాలి బ్రేకు. కాలు పెడల్ మీదే ఉంచి దిగొద్దు. ఇప్పటి ఇంజన్లకు గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిలు అసలు పోదు, కాబట్టి న్యూట్రల్‌లో మిగిలేదేమీ లేదు. పొద్దున స్టార్టు చేశాక గాలి మీటరు నిండేదాకా బండి కదపకు. ఆ నాలుగు నిమిషాలు ఒక చుట్టు తిరిగి రాడ్డుతో టైర్లు కొట్టి చూడు, నట్లు చూడు, వెనక లైట్లు చూడు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఇది మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒక రాత్రి ఉలవపాడు దాటాక వెనక బేరింగ్ పోయింది. రోడ్డు అంచుకు తీసి, చక్రాల కింద పెద్ద రాళ్లు రెండు పెట్టాను. వెనక చెట్టు కొమ్మలు వేసి, మెకానిక్ కోసం తెల్లారేదాకా కూర్చున్నాను. రిపేరు అయ్యింది, కొమ్మలు లాగి పారేశాను, బండి ఎక్కి వెళ్లిపోయాను. మూడో రోజు తిరిగొస్తూ అక్కడే టీ బంకు దగ్గర ఆగితే, బంకు ఆయన మామూలుగా చెప్పాడు. మొన్న చీకట్లో ఎవరో రోడ్డు మీద వదిలేసిన రాయికి మోటారుసైకిలు తగిలి ఒక మనిషి పడ్డాడట, కాలు విరిగిందట. ఏ ఊరివాడో ఆయనకూ తెలీదు. ఆ రాయి నాది అని నేను చెప్పలేకపోయాను. టీ అలాగే వదిలేసి, ఆ చోటికి నడిచి వెళ్లి చూశాను. రెండోది ఇంకా అక్కడే ఉంది. తీసి కాలవలో వేశాను. ఆ మనిషి ఇంట్లో ఎన్ని నెలలు పొయ్యి వెలగలేదో నాకు ఎప్పటికీ తెలియదు.

అందుకని చెబుతున్నాను. రాళ్లు వాడొద్దు, చెక్క దిమ్మెలు రెండు చేయించి బండిలో ఉంచుకో. నీ దిమ్మెలైతే వదిలెయ్యకుండా మళ్లీ తీసుకుంటావు. ఆగిన బండి నడిచే బండి కంటే ప్రమాదమని గుర్తుంచుకో. టీ కోసం రోడ్డు అంచున నిలపకు, లారీలకు కట్టిన స్థలం దాకా పో. బండి నడవనని మొరాయిస్తే నాలుగు ఇండికేటర్లూ వేసి, రిఫ్లెక్టర్ త్రికోణాన్ని బాగా వెనక్కి, వచ్చేవాడికి ముందే కనబడేలా పెట్టు.

నిద్ర విషయం. దీన్ని రెండుసార్లు చదువు. ఒకసారి బాలాసోర్ నుంచి రెండు రాత్రులు వరసగా తోలాను. ఓనరు గంటకోసారి ఫోన్, ఎక్కడున్నావు, ఎక్కడున్నావని. తెల్లవారుజామున నాలుగింటికి రోడ్డు పక్కన సింగరాయకొండ బోర్డు కనబడింది. టంగుటూరు ఎప్పుడు దాటానో గుర్తు లేదు. జేబులో చెయ్యి పెడితే టంగుటూరు టోల్ రసీదు ఉంది. ఆగాను, డబ్బులిచ్చాను, చిల్లర తీసుకున్నాను, ఏదీ గుర్తు లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, తోలింది మాత్రం నేను కాదు. పక్కకు తీసి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి చాలాసేపు వణికాను.

నిద్ర ముంచుకొచ్చినప్పుడు పాటలు, కిటికీ గాలి, గుట్కా, టీ, ఇవన్నీ నిన్ను ఒక్క ఊరు దాటిస్తాయి, అంతే. పోలీసులు రాత్రిళ్లు బండ్లు ఆపి ముఖం కడుక్కోమని నీళ్లిస్తారు. కోప్పడకుండా దిగి కడుక్కో, కానీ దాన్ని నిద్ర అనుకోకు. రాత్రి రెండింటికీ తెల్లవారుజామున ఐదింటికీ మధ్య వీలైనంతవరకు బండి నిలిపి పడుకో. చట్టం 1961 నుంచీ రోజుకు ఎనిమిది గంటలే పని అంటోంది, ఐదు గంటలు తోలాక కనీసం అరగంట విశ్రాంతి అంటోంది. ఓనర్లు నవ్వుతారు. నువ్వు నవ్వొద్దు. 2025లో కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచిదే. మే నెలలో మన రోడ్డు మీద ఇంజను వేడికి ఎంత ఉడికిపోయామో ఆ దేవుడికే తెలుసు. అయితే చల్లగా ఉంటే నిద్ర ఇంకా త్వరగా వస్తుంది, జాగ్రత్త.

బండిలో చిన్న స్టవ్, రెండు రోజుల బియ్యం, పచ్చడి, నీళ్లు ఎప్పుడూ ఉంచుకో. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రాకపోకలు ఆగినప్పుడు హైవే మీద ఇరుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ముందు బండిలో ఒడిశా కుర్రాడు, వాడి దగ్గర బిస్కెట్లు కూడా లేవు. ఇద్దరం నా అన్నమే తిన్నాం. వాడి భాష నాకు సగం వచ్చు, నా భాష వాడికి రాదు. హిందీ కాస్త నేర్చుకో, అంకెలు, ఊళ్ల పేర్లు చదవడం వచ్చినా చాలు.

జీతం నెలకా, ట్రిప్పుకా, బత్తా ఎంత, పంక్చరు ఎవరిది, ఫైను ఎవరిది, బీమా ఉందా, ఇవన్నీ ఎక్కకముందే అడుగు. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, దాని తేదీ నువ్వే చూసుకో. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. బండి చెడి ఆలస్యమైతే గడువు తీరే వేళకు ముందు ఎనిమిది గంటల్లో కానీ, తర్వాత ఎనిమిది గంటల్లో కానీ పొడిగించుకోవచ్చు. ఆఫీసుకు వెంటనే ఫోన్ చెయ్యి.

మీ అమ్మకు మాత్రం అబద్ధం చెప్పకు. ఖరగ్‌పూర్‌లో ఉంటే ఖరగ్‌పూర్ అనే చెప్పు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను ఎక్కడున్నానో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాలుగో రోజు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే తెలిసింది. ఆ నాలుగు రోజులు మీ అత్త పడ్డ బాధ ఆమె ఇప్పటికీ మరచిపోలేదు.

ఆదివారం పొద్దున్నే రా. కళ్లం ఖాళీగా ఉంది. ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి అద్దాలు చూస్తూ వెనక్కి పెట్టడం నేర్పుతాను, ట్రైలరుకు అదే పనికొస్తుంది. మొదటి గంట నువ్వు సీటెక్కవు. ట్రక్కు వెనక దూరంగా నిలబడి, ఎక్కడెక్కడ నుంచుంటే నా అద్దాల్లో నువ్వు కనబడటం లేదో చూసుకుందువు గాని. కళ్ల డాక్టరు చీటీ మరచిపోకు.

నీ మేనమామ