ఒక్క సీటు, 57 వేల ఓట్లు

ప్రశ్న: మాస్టారూ, గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నాను. లక్షద్వీప్‌కి ఒక ఎంపీ ఉంటాడని ఒక్క ముక్కతో తేల్చేశారు మా పుస్తకంలో. అసలు అక్కడ గెలిచేవాళ్లు ఎవరు? ఏం చదువుకుని, ఏం చేసి అంతదాకా వస్తారు? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మంచి ప్రశ్న అడిగావు నాయనా. దీనికి వివరంగా జవాబివ్వాలని ఉంది. అమలాపురం కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఈ దీవుల పాఠం వచ్చినప్పుడు నేను తొందరగా ముగించేవాణ్ణి కాదు. ఎందుకో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

ముందు స్థలం సంగతి. జనం ఉండే దీవులు పది. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనాభా 64,473. అందులో బిత్ర అనే దీవిలో 271 మంది. 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతం కాకముందు ఈ దీవులు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి, అదీ రెండు ముక్కలుగా: అమిని వైపు దీవులు దక్షిణ కెనరా జిల్లాకి, మిగతావి మలబారు జిల్లాకి. మొదటి పదేళ్లూ ఓటుతో పనే లేదు. రాష్ట్రపతి నామినేట్ చేసిన కె. నల్లకోయ తంగళ్ లోక్‌సభలో కూర్చునేవారు. ప్రజలు ఓటేసి ఎంపీని ఎన్నుకున్నది 1967లోనే. అప్పటినుంచి 2024 ఎన్నికల దాకా ఆ సీటులో గెలిచినవాళ్లు ఎంతమంది అనుకుంటున్నావు? నలుగురే.

మొదటాయన పి.ఎం. సయీద్. ఆండ్రోత్ దీవి మనిషి. విస్తీర్ణంలో అన్ని దీవుల్లోకీ అదే పెద్దది, అయినా జనం 11 వేల చిల్లరే. 1941లో పుట్టి, మంగళూరులో చదివి, బొంబాయిలో లా చేశారు. ఆ రోజుల్లో దీవి పిల్లవాడికి పెద్ద చదువంటే ఓడెక్కి ఒడ్డుకి రావడమే, వేరే దారి లేదు. లా చదివి వెనక్కి వెళ్లినవాడంటే ఊరందరి అర్జీలూ రాసిపెట్టే మనిషి. 1967లో పోటీకి కావలసిన పాతికేళ్లూ నిండాయో లేదో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు. తరవాత కాంగ్రెసు. 1999 దాకా వరసగా పది ఎన్నికలు గెలిచారు. దేశంలో గాలి ఎటు వీచినా ఆ సీటు ఆయనదే. ఉక్కు, బొగ్గు, గనులు, ఆ తరవాత హోం, సమాచార ప్రసార శాఖల్లో సహాయమంత్రిగా చేశారు. 1998 డిసెంబరులో లోక్‌సభ ఉపసభాపతి అయ్యారు.

ఉపసభాపతి అయ్యేనాటికి సభాపతి స్థానంలో ఉన్నది ఎవరు? మా అమలాపురం ఎంపీ గంటి మోహనచంద్ర బాలయోగి గారు. నేను ఆ పాఠం దగ్గర ఆగిపోయేది ఇందుకే. ఒకాయన గోదావరి పాయ ఒడ్డున ఎదుర్లంకలో పుట్టినవాడు, ఇంకొకాయన అరేబియా సముద్రం నడుమ పుట్టినవాడు. ఇద్దరి ఊళ్లలోనూ బతుకు కొబ్బరిచెట్టు మీదే. ఇద్దరూ లా చదివినవాళ్లే, ఇద్దరూ రిజర్వుడు స్థానాల నుంచి వచ్చినవాళ్లే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి బాలయోగి గారు పోయారు. మే నెలలో మనోహర్ జోషి వచ్చేదాకా సభ బాధ్యత సయీద్ గారి మీదే పడింది. ఆ రోజుల్లో టీవీలో సభ చూస్తుంటే, ఆ కుర్చీలో మా మనిషి లేడన్న బాధ ఒకపక్కా, దేశంలోకెల్లా చిన్న నియోజకవర్గం మనిషి సభని నడిపిస్తున్నాడన్న గౌరవం ఒకపక్కా ఉండేవి నాకు.

మిగతా ముగ్గురి గురించి క్లుప్తంగా చెబుతాను. 2004లో గెలిచిన పి. పూకుంజి కోయ డాక్టరు. 2009లోనూ, మళ్లీ 2024లోనూ గెలిచిన హందుల్లా సయీద్ పి.ఎం. సయీద్ కొడుకు, ఆయనా లా చదివినవాడే. మొదటిసారి గెలిచేనాటికి ఆ సభలో అతి చిన్నవయసు వాళ్లలో ఒకడు. 2014, 2019 ఎన్నికలు ఎన్సీపీ (నేషనలిస్టు కాంగ్రెస్ పార్టీ) మనిషి మహమ్మద్ ఫైజల్‌వి, ఆయనదీ ఆండ్రోతే. ఒక ప్లీడరు, ఒక డాక్టరు, ప్లీడరు గారి కొడుకు, ఆ కొడుకుని ఓడించిన అదే దీవి మనిషి. 1967 నుంచి ఆ సీటు చరిత్ర ఇంతే.

ఇది చూసి వారసత్వమని విసుక్కోవద్దు. నిచ్చెన ఎక్కడ లేదో చూడు. బాలయోగి గారు కాకినాడలో ప్రాక్టీసు పెట్టి, తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్ అయి, 1991లో ఎంపీ అయ్యారు. 1996లో ఓడిపోతే ముమ్మిడివరం ఉపఎన్నికలో ఎమ్మెల్యే అయి, రాష్ట్రంలో మంత్రి అయి, తిరిగి 1998లో ఢిల్లీ వెళ్లారు. కాలు జారినా ఆనుకోవడానికి ఇంకో మెట్టుంది ఆయనకి. లక్షద్వీప్‌లో అసెంబ్లీ లేదు, ఎమ్మెల్యే లేడు, రాష్ట్రమంత్రి లేడు. పంచాయతీ దాటితే పార్లమెంటే. అందుకే తెలివైన కుర్రాడు రాజకీయంలోకి రావాలనుకుంటే ఆ ఒక్క సీటు చుట్టూ ఉన్న రెండు వర్గాల్లో ఏదో ఒకదాంట్లో చేరాల్సిందే. సయీద్ వర్గం, కోయ వర్గం అని దీవులు దశాబ్దాల పాటు చీలి ఉండటానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. పార్టీ పేర్లు మారతాయి. పూకుంజి కోయ 2004లో జనతాదళ్ (యు), 2009 నాటికి ఎన్సీపీ. వర్గం మాత్రం అదే.

ఇంకొక్క మాట. 2024లో అమలాపురం నుంచి గెలిచినది బాలయోగి గారబ్బాయి హరీష్ మాధుర్. లక్షద్వీప్ నుంచి గెలిచినది సయీద్ గారబ్బాయి. నాటి సభాపతి కొడుకూ, ఉపసభాపతి కొడుకూ ఒకే లోక్‌సభలో ఉన్నారు.

ప్రశ్న: అంత చిన్నచోట ఎంపీకి ఏం పని ఉంటుందండీ? పదిసార్లు గెలిచినాయన చివరికి ఎందుకు ఓడిపోయారు? (ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: అమ్మా, పని చాలా ఉంటుంది. ఓడలో ఆ దీవుల రాజధాని కవరత్తి వెళ్లినప్పుడు దారిలో ఒక దీవి దగ్గర చూశాను. ఓడ తీరందాకా పోలేదు, పగడపు దిబ్బల అవతలే ఆగింది. చిన్న పడవ పక్కకొచ్చింది. అల పైకి లేచిన క్షణం చూసుకుని ఓడ పక్క తలుపులోంచి ఒక్కొక్కరూ పడవలోకి అడుగేస్తున్నారు. ముసలాయన్ని ఒకణ్ణి ఇద్దరు కుర్రాళ్లు రెక్కలు పట్టుకుని దించారు. కొచ్చి ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాడట. పడవవాడు ఆయన చేతిలోని ఎక్స్‌రే కవరు తడవకుండా తన చొక్కాలో దోపుకున్నాడు. వానాకాలం మొదలైతే ఈ దిగడమే గండం. ఓడలో టికెట్, రోగికి హెలికాప్టరు, బియ్యం సమయానికి రావడం, పిల్లాడికి ఒడ్డున కాలేజీ సీటు, ఇవన్నీ ఎవరిని అడగాలి? ఎమ్మెల్యే లేడు కనక ఎంపీనే. ఇక్కడ వార్డు మెంబరు చేసే పని దగ్గర్నుంచి అక్కడ ఎంపీ నెత్తినే.

2024లో ఓటర్లు 57 వేల పైచిలుకు. మన మల్కాజ్‌గిరిలో 37 లక్షలు దాటారు. లక్షద్వీప్‌లో ఎంపీకి ఓటరు పేరు తెలుసు, ఓటరుకి ఎంపీ తాతగారి పేరు తెలుసు. ఎవరి పని జరగలేదో, ఎవరి పెళ్లికి రాలేదో అందరికీ గుర్తే. 2004లో సయీద్ గారికి 15,526 ఓట్లొచ్చాయి, పూకుంజి కోయకి 15,597. తేడా 71. ముప్ఫై ఏడేళ్ల పదవి నాలుగైదు కుటుంబాల ఓట్లతో పోయింది! ఆ తరవాత ఆయనకి స్వస్థలంలో నిలబడటానికి ఇంకో పదవంటూ లేదు. విద్యుత్ మంత్రిని చేసి, ఢిల్లీ నుంచి రాజ్యసభకి పంపారు. 2005 డిసెంబరులో సియోల్‌లో ఉండగా పోయారు. ఆ ఓటమిని నేను ఆయన చేతకానితనం కింద ఎప్పుడూ లెక్కవేయలేదు.

తరవాతి తేడాలూ స్వల్పమే. 2014లో 1,535, 2019లో 823, 2024లో 2,647.

ప్రశ్న: శిక్షపడి పదవి పోయి మళ్లీ వచ్చిన ఎంపీ అక్కడివాడేనా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: అవును, ఫైజల్. 2009 ఎన్నికల రోజుల్లో సయీద్ గారి అల్లుడి మీద దాడి జరిగింది. ఆ హత్యాయత్నం కేసులో 2023 జనవరిలో కవరత్తి కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. వెంటనే సభ్యత్వం రద్దు, ఉపఎన్నిక ప్రకటన. ఆ నెలలోనే కేరళ హైకోర్టు శిక్షను నిలిపివేస్తే ఉపఎన్నిక ఆగింది, మార్చి 29న సభ్యత్వం తిరిగి ఇచ్చారు. అక్టోబరులో మళ్లీ పోయింది, సుప్రీంకోర్టు జోక్యంతో నవంబరులో మళ్లీ వచ్చింది. కేసు మంచిచెడ్డలు కోర్టులు చూసుకుంటాయి. నాకు బాధ కలిగించేది వేరే విషయం. ఆ నెలల్లో దీవుల తరఫున చట్టసభలో మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. ఆంధ్రాలో ఒక ఎంపీ సీటు ఖాళీ అయితే ఇంకా ఇరవై నలుగురుంటారు.

ప్రశ్న: మన ప్రాంతంవాళ్లు అక్కడ స్థిరపడితే పోటీ చేయొచ్చా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: కుదరదు. అది ఎస్టీ రిజర్వుడు స్థానం. తానూ తల్లిదండ్రులిద్దరూ దీవుల్లో పుట్టినవాళ్లయితేనే అక్కడ ఎస్టీ. దీనివల్ల ఒక చిక్కొచ్చింది. కాన్పు కష్టమైతే ఆడవాళ్లు కేరళ ఆసుపత్రులకి వస్తారు, అలా పుట్టిన బిడ్డ సంగతేమిటి? 2008లో చట్టం సవరించి, ఒడ్డున పుట్టినా దీవుల్లో శాశ్వతంగా స్థిరపడితే అక్కడ పుట్టినట్టే అన్నారు. చాలా అవసరమైన సవరణ అది.

ప్రశ్న: ఆడవాళ్లెవరైనా గెలిచారా? అసెంబ్లీ ఇస్తే బాగుంటుందంటారా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఎంపీగా ఇంతవరకూ లేరమ్మా. 2024 బరిలో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. పైగా అది తల్లివైపు నుంచి ఇల్లూ ఆస్తీ వచ్చే తరవాడు పద్ధతి ఉన్న సమాజం. మినికాయ్‌లో అయితే ఊరి ఆడవాళ్లకు వేరే పెద్దగా బోడుతాత అనే స్త్రీ ఉంటుంది. పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకి కేటాయించారు. 1997 చివర్లో మొదటి పంచాయతీ ఎన్నికలు జరిగాక దీవి పంచాయతీల్లో, జిల్లా పంచాయతీలో ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లకి ఆ పైన మెట్టు లేదు.

అరవై వేల జనానికి అసెంబ్లీ ఖర్చు నేను సమర్థించను. కానీ ఉన్నదాన్ని కోయకూడదు. విద్య, వైద్యం, వ్యవసాయం, పశుపోషణ, చేపల శాఖలు జిల్లా పంచాయతీ చేతుల్లో ఉండేవి. 2021 మేలో కేంద్రం తరఫున దీవుల్ని పాలించే అడ్మినిస్ట్రేటర్ ఆ అధికారాలు వెనక్కి తీసుకున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీకి పోటీ చేయకూడదన్న ముసాయిదా కూడా ఆ ఏడాదిదే. దాని మీద దీవులన్నీ కదిలాయి, రెండు వర్గాలూ పక్కపక్కన నిలబడ్డాయి. ఆ అయిదు శాఖలూ జిల్లా పంచాయతీకి తిరిగి ఇవ్వాలి. ఆసుపత్రినీ బడినీ నడిపి జనం మెప్పు పొందిన మనిషి, ఆడైనా మగైనా, ఏ వర్గమూ అక్కర్లేకుండా ఎంపీ సీటుకి నిలబడగలగాలంటే ముందు జరగవలసింది ఇదే.